గుంటూరు–బెజవాడ రోజూ పోయిరావాలి: కరెంటు బండికి 146 అంటున్నారు, నిజంగా ఎంతొస్తుంది?

కొరిటెపాడు_కుర్రాడు · మే 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుంటూరు కొరిటెపాడులో ఉంటా, ఉద్యోగం బెజవాడ బెంజిసర్కిల్ దగ్గర. ఇంటి గేటు నుంచి ఆఫీసు పార్కింగ్ దాకా మీటర్ చూసుకున్నా, 36 కిలోమీటర్లు. పోయి రావడానికి 72. ఇప్పుడున్న పాత బండి రోజుకి 170 రూపాయల పెట్రోలు తాగుతోంది, పైగా నెలకోసారి మెకానిక్ దర్శనం.

నిన్న షోరూంకి వెళ్లా. 3.7 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న కరెంటు స్కూటర్. కాగితం మీద పూర్తి చార్జికి 146 కిలోమీటర్లు అని ఉంది. నిజంగా ఎంతొస్తుంది తమ్ముడూ అంటే "110 ఎటూ పోదు సార్" అన్నాడు. పక్కన టీ తాగుతున్న ఇంకో అబ్బాయి "మెల్లగా తోలితే" అని గొణిగాడు. ఆ గొణుగుడు ఇంకా చెవిలోనే ఉంది.

ఆఫీసులో చార్జింగ్ పెట్టుకునే ఏర్పాటు లేదు. హైవే మీద ఆగిపోతే లారీల మధ్య తోసుకుంటూ పోవాలి. ఈ రూట్లో తిరిగేవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పకోడీ_బ్రేక్ · మే 6, రాత్రి 10:02

ఉన్నదున్నట్టు అంటే, కొనొద్దు. మా బావమరిది కొన్నాడు. 146 అన్నారు, 80కి పడుకుంది. పెట్రోలు బండి అయితే కాజ దగ్గర బంకులో రెండు నిమిషాలు.

కానూరు_కరెంటు · మే 6, రాత్రి 10:31

పకోడీ అన్నా, మీ బావమరిది ఎంత స్పీడులో తోలతాడో కూడా చెబితే బాగుండేది.

నాది అదే సైజు బ్యాటరీ, రెండేళ్లయింది. కానూరు నుంచి వన్‌టౌన్ దాకా రోజూ తిరుగుడే. ట్రాఫిక్‌లో 35–40 దాటే పనే లేదు. వంద పర్సెంటుకి 118–122 కిలోమీటర్లు వస్తోంది, ఎకో మోడ్‌లో. అదే బండి మీద మా తమ్ముణ్ణి ఏలూరు తీసుకెళ్లా, హైవే కదా అని 75–80 పట్టా. హనుమాన్ జంక్షన్ దాటేసరికి పర్సెంటు చూసి నోట మాట రాలేదు. ఆ లెక్కన పూర్తి చార్జికి 70 కూడా రాదు. బండి అదే, నేనూ అదే, రోడ్డు ఇంకా నున్నగా ఉంది.

లెక్కల_మాస్టారు · మే 7, ఉదయం 6:15

కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఆ 146 అబద్ధం కాదు. అది పరీక్షలో వచ్చిన మార్కు. ఐడీసీ అని, ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. బండిని గదిలో రోలర్ల మీద ఎక్కించి, ఒక పద్ధతి ప్రకారం ఆపుతూ నడుపుతూ బ్యాటరీ అయిపోయేదాకా తిప్పుతారు. ఆ పద్ధతిలో పై వేగం 42, సగటు 22 కూడా ఉండదు. అది మన బీసెంట్ రోడ్డు వేగం. గుంటూరు హైవే వేగం కాదు.

ఎన్ని కిలోమీటర్లు అని అడగడం మానేసి, కిలోమీటరుకి ఎంత కరెంటు అని అడగండి. మీ బ్యాటరీ 3.7 కిలోవాట్ అవర్ అంటే ఇంటి మీటర్ భాషలో 3.7 యూనిట్లు, అంటే 3700 వాట్ అవర్. దాన్ని 146తో భాగిస్తే కిలోమీటరుకి 25 వాట్ అవర్. కంపెనీ మార్కు అది. ఇప్పుడు రోడ్డు మీదకి రండి. ఊళ్లో 40లో పోతే 28–30. హైవే మీద 60–65లో 36–38. 80లో 50 దాటుతుంది.

ఎందుకలా అంటే గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు అవుతుంది. 40లో గాలికి రూపాయి కడితే 80లో నాలుగు రూపాయలు, అదే కిలోమీటరుకి. పెట్రోలు బండిలోనూ ఇదే జరుగుతుంది. కానీ అందులో ఎలాగూ మూడొంతులు వేడికే పోతుంది కాబట్టి మనకి తెలియదు. కరెంటు బండిలో వృథా తక్కువ, అందుకే గాలి తిన్నది పర్సెంట్లలో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

మీ 72 కిలోమీటర్లకి: 65లో పోతే సుమారు 2700 వాట్ అవర్, నాలుగో వంతు మిగులుతుంది. 80లో పోతే 3600. ఇంటి సందులో ఆగిపోతారు.

పకోడీ_బ్రేక్ · మే 7, ఉదయం 8:20

మాస్టారూ, రోజూ 65లోనే పోవాలంటే మనిషికి సాధ్యమా? మంగళగిరి దాటాక రోడ్డు చూస్తే చెయ్యి ఆగుద్దా?

లెక్కల_మాస్టారు · మే 7, ఉదయం 8:41

హైవే ముక్క 25 కిలోమీటర్లు వేసుకోండి. 65లో 23 నిమిషాలు. 80లో 19. ఆ నాలుగు నిమిషాలు కృష్ణ మీది వారధి దిగాక సిగ్నల్ దగ్గర ఎటూ పోతాయి.

పకోడీ_బ్రేక్ · మే 7, ఉదయం 8:44

దెబ్బ కొట్టారు.

మంగళగిరి_టీచర్ · మే 7, సాయంత్రం 5:10

నేను మంగళగిరి నుంచి తాడేపల్లి వైపు స్కూలుకి వెళ్తానండి, రానూపోనూ 19 కిలోమీటర్లు. మూడు రోజులకోసారి చార్జింగ్ పెడతా. కొన్న మొదటి నెల రోజూ రాత్రి లేచి చూసుకునేదాన్ని, పర్సెంటు ఎంతుందా అని. ఇప్పుడు ఆ సంగతే మర్చిపోయా.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. డిస్‌ప్లే మీద "ఇంకా 64 కి.మీ." అని చూపిస్తుందే, దాన్ని నమ్మకండి. మీరు అంతకుముందు ఎలా నడిపారో దాన్నిబట్టి వేసే అంచనా అది. సందుల్లో తిరిగి హైవే ఎక్కితే ఆ అంకె కళ్ల ముందే కరిగిపోతుంది. పర్సెంటు చూసుకోండి, చాలు. మా పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని వెళ్లినప్పుడు కూడా అనుకున్నంత తేడా రాలేదండీ, పదిలో ఒక వంతు.

టిక్కీ_మోత · మే 7, రాత్రి 9:05

మేడం పిల్లలైతే సరే. నేను మిర్చి యార్డులో గుమాస్తాని. ఒక్కోసారి శాంపిల్ కోసం సగం టిక్కీ (మిర్చి బస్తా), ఒక్కోసారి నిండు టిక్కీ కాళ్ల దగ్గర పెట్టుకుని పోతా, 40 కేజీలకి తగ్గదు. యార్డు నుంచి లక్ష్మీపురం రావడానికి మామూలుగా పట్టే పర్సెంటుకి ఒకటో రెండో ఎక్కువ, అంతే. కాకపోతే ఎత్తుకునేటప్పుడు బండి మూలుగుద్ది. మూడు రోజులు సీటు తీస్తే తుమ్ములు.

అసలు తేడా టైర్లలో ఉంది. నాలుగు నెలలు గాలి పట్టించలా. ఒకరోజు బండి బరువుగా ఉందేందబ్బా అని చూపిస్తే 32 ఉండాల్సింది వెనక 19 ఉంది. పట్టించాక వారం తిరిగేసరికి పూర్తి చార్జికి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువొచ్చినయ్. పైసా ఖర్చు లేని బ్యాటరీ అది.

కొరిటెపాడు_కుర్రాడు · మే 7, రాత్రి 9:30

మాస్టారూ, దారిలో ఎక్కుడు దిగుడు సంగతేంటి? బెంజిసర్కిల్ ఫ్లైఓవర్, వారధి ఎక్కడం... ఇవన్నీ తినెయ్యవా? ఆదివారం దుర్గ గుడి ఘాట్ రోడ్డు ఎక్కితే?

లెక్కల_మాస్టారు · మే 8, ఉదయం 6:02

ఇది అందరూ భయపడే విషయం, భయపడాల్సినంత లేదు. బండి, మీరు కలిపి 190 కేజీలనుకుందాం. కొండ మీదకి వంద మీటర్ల ఎత్తు ఎక్కారనుకుందాం. ఎత్తు ఎక్కడానికి అదనంగా పట్టేది 60 వాట్ అవర్. అంటే మీ బ్యాటరీలో ఒకటిన్నర పర్సెంటు, రెండు కిలోమీటర్ల దారి. అమ్మవారిని చూసి దిగేటప్పుడు మోటారే బ్రేకు వేసి కొంత వెనక్కి పోస్తుంది కూడా. పది మీటర్ల ఫ్లైఓవర్ అయితే ఆరు వాట్ అవర్. చిల్లర.

ఎక్కేటప్పుడు డిస్‌ప్లే మీద వాట్లు ఒక్కసారిగా లేస్తాయి, అది చూసి గుండె జారుతుంది. ఆ లేవడం పది సెకన్లు. 80లో గాలి అడ్డం అరగంట.

పట్నంబజారు_పెద్దాయన · మే 8, ఉదయం 10:50

మీరంతా లిథియం బ్యాటరీల గురించి మాట్లాడుతున్నారు. నాది ఐదు బ్యాటరీల పాత రకం, లెడ్ యాసిడ్. గంటకి 25, లైసెన్సు అక్కర్లేదని కొన్నా. కొత్తలో 45 వచ్చేది. 14 నెలలకి 22. ఊళ్లో నాలుగు పనులు చూసుకుని వచ్చేసరికి అయిపోతోంది. లోపం ఎక్కడ?

ఆటోనగర్_బాబాయ్ · మే 8, మధ్యాహ్నం 2:15

పెద్దాయనా, లోపం మీది కాదు, ఆ బ్యాటరీ జాతిది. లెడ్ యాసిడ్‌ని సగం దాకా వాడి మళ్లీ నింపుకోవాలి. రోజూ అడుగంటా దింపితే ఏడాదికే చచ్చుద్ది. పైగా గట్టిగా లాగినకొద్దీ దానిలోంచి వచ్చే కరెంటు తగ్గుద్ది. అయిదింటిలో ఒక్కటి పాడైనా మిగతా నాలుగింటినీ లాగేస్తది. ఒక్కోదానికి విడిగా మీటర్ పెట్టించి చూడండి. ఒక్కటే పోతే సరే, అన్నీ పోతే మళ్లీ అవే వెయ్యకండి.

అరండల్‌పేట_అజయ్యం · మే 8, మధ్యాహ్నం 3:40

బాబాయ్, మీ ఆటోనగర్‌లోనే బండికి బ్యాటరీ పెంచి కడతారట కదా? కొరిటెపాడు బ్రో చిన్న బ్యాటరీ బండి కొనుక్కుని అక్కడ ఇంకో రెండు యూనిట్లు కట్టించుకుంటే సగం ఖర్చు.

ఆటోనగర్_బాబాయ్ · మే 8, సాయంత్రం 4:05

లారీకి బాడీ కట్టే చోట దేన్నైనా కడతారు. కట్టించుకోవద్దని చెప్పడానికే రాస్తున్నా. కొత్త సెల్లూ పాత సెల్లూ ఒక డబ్బాలో పెడితే ఒకటి ముందు నిండుద్ది, ఇంకోటి వెనకబడుద్ది. దాన్ని కాపలా కాసే బోర్డు అసలు బ్యాటరీ లెక్కకే చేసి ఉంటది. వారంటీ పోద్ది, ఇన్సూరెన్సు వాడు చూస్తే అదీ పోద్ది.

ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో మన బెజవాడలోనే ఇంట్లో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. ఆ ఏడాది దేశంలో అట్టాంటివి వరసగా జరిగాకే కరెంటు బండ్ల బ్యాటరీ భద్రతకున్న ఏఐఎస్ 156 రూల్సు గట్టి చేశారు, 2022 డిసెంబర్లో కొన్ని, 2023 మార్చి ఆఖర్న మిగతావి. వాటి తర్వాత తయారైన బండే చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తయారీ నెల అడగండి. చార్జింగ్ ఇంట్లో కాదు, బయట వరండాలో, 15 ఆంపుల ప్లగ్గుకి ఎర్త్ ఉందో లేదో చూసి.

రాత్రి_డెలివరీ · మే 9, రాత్రి 1:20

ఇప్పుడే ఆర్డర్లు అయిపోయినయ్. రోజుకి 110–120 తిరుగుతా, పటమట, లబ్బీపేట, సత్యనారాయణపురం, గాంధీనగర్. 2.9 బ్యాటరీ. పొద్దున నిండా ఉంటది, మధ్యాహ్నం రెండింటికి 30కి వస్తది. అన్నం తినే హోటల్లో ప్లగ్గు ఇస్తారు, గంటన్నర పెడితే 20 రూపాయలు. ఓనర్ ముందు వద్దన్నాడు, మీటర్ పెట్టి చూపించా ఎంత కాలుద్దో, అప్పుడు ఒప్పుకున్నాడు.

20 కిందికి దింపకండి అన్నలూ. 10 దగ్గర బండి తనంతట తనే పికప్ తగ్గించుద్ది. ఊళ్లో అయితే సరే, హైవేలో నలభై కూడా ఎక్కకపోతే వెనకాల లారీవాడికి నువ్వు కనపడవ్.

ఎండాకాలం ఇంకోటి. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి వెంటనే ప్లగ్గు పెడితే ఎక్కదు, చల్లారేదాకా ఆగుద్ది. అరగంట నీడలో ఉంచి పెట్టుకోవాలి. మొదట్లో చార్జర్ పోయిందనుకుని గొడవ చేశా.

లెక్కల_మాస్టారు · మే 9, ఉదయం 6:30

అనుభవం. దీనికి ఒక్క ముక్క కలుపుతా: మన ఎండ ఆ రోజు మైలేజీని పెద్దగా తగ్గించదు, బ్యాటరీ ఆయుష్షుని తగ్గిస్తుంది. వంద నింపి మే నెల ఎండలో గంటలకొద్దీ నిలబెట్టడం దానికి పడదు. నీడ లేకపోతే 80 దగ్గర ప్లగ్గు తీసెయ్యండి, దూరం వెళ్లే రోజే నిండా పెట్టండి.

కానూరు_కరెంటు · మే 9, ఉదయం 9:12

ఆయుష్షు అంటే గుర్తొచ్చింది. మా ఆఫీసులో ఒకాయన బండికి మూడున్నరేళ్లు, 41 వేలు తిరిగింది. మొదట్లో 98 ఇచ్చేది ఇప్పుడు 84. కొరిటెపాడు బ్రో, ఇవాళ సరిపోతే చాలదు, నాలుగేళ్ల తర్వాత సరిపోవాలి. లెక్క అక్కడ వేసుకో.

కొరిటెపాడు_కుర్రాడు · జూన్ 2, రాత్రి 10:15

కొనేశా. షోరూం వాళ్లు టెస్ట్ రైడ్ రెండు కిలోమీటర్లు ఇస్తే కుదరదని చెప్పి, మంగళగిరి దాకా పోయొచ్చి చూశాకే డబ్బు కట్టా.

మొదటి వారం లెక్క. 65 దాటలేదు, దేవుడి మీద ఒట్టు. పొద్దున 100తో బయల్దేరి ఆఫీసులో 67. సాయంత్రం ఇంటికొచ్చేసరికి 31. రాత్రి ప్లగ్గు పెడితే గోడ మీటర్లో మూడు యూనిట్ల చిల్లర. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా 21–22. పెట్రోలు 170 ఎక్కడ, ఇది ఎక్కడ.

పకోడీ అన్నకి: 58 నిమిషాలు పడుతోంది. పాత బండికి 54.

పకోడీ_బ్రేక్ · జూన్ 2, రాత్రి 10:18

ఆ నాలుగు నిమిషాలూ నన్ను వదలవా.

కొరిటెపాడు_కుర్రాడు · జూలై 11, రాత్రి 11:02

ఇవాళ అయింది.

రాత్రి కరెంటు పోయి 88 దగ్గర ఆగింది, చూసుకోలేదు. ఆఫీసుకొచ్చేసరికి 55. సాయంత్రం మీటింగ్ ఆలస్యం, ఇంట్లో చుట్టాలు. వాన వచ్చేలా ఉందని 80 పట్టా. వారధి మీద ఒక్కసారి గాలి కొట్టింది, హెల్మెట్ వెనక్కి లాగినట్టు. కాజ దాటాక 20ల్లో ఉంది, సరిపోద్దిలే అనుకున్నా. యూనివర్సిటీ దగ్గర డిస్‌ప్లే రంగు మారింది. పెదకాకాని దగ్గర 11. ఎక్సలేటర్ తిప్పితే బండి పట్టించుకోవట్లా.

సర్వీస్ రోడ్డులోకి దిగి 30లో లాగుకుంటూ వచ్చా. ఎనిమిది కిలోమీటర్లు. సైకిల్ మీద పోయే ఒక పిల్లాడు నా పక్కనే వచ్చి "ఏంది అంకుల్, ఆయిల్ అయిపోయిందా" అన్నాడు. ఇంటికొచ్చేసరికి 5. మెల్లగా వస్తే ఎనిమిది కిలోమీటర్లకి ఆరు పర్సెంటేనా అని ఆ స్థితిలో కూడా ఆశ్చర్యపోయా.

తప్పు నాదే. కానీ ఒక అనుమానం. నెల నుంచి రాసుకుంటున్నా. మొదట్లో పొద్దున 33, సాయంత్రం 36 దిగేది. ఈ మూడు వారాలూ పొద్దున 31, సాయంత్రం 40. అదే దారి, అదే 65. తిరుగు ప్రయాణంలోనే ఎందుకు తింటోంది? బ్యాటరీ వేడెక్కి బలహీనపడుతోందా? సర్వీస్ సెంటర్‌లో "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం, చూడండి సార్" అని పంపేశారు. ఏమీ మారలేదు.

రాత్రి_డెలివరీ · జూలై 12, రాత్రి 1:05

ఆఫీసు బయట పొద్దుటి నుంచి ఎండలో ఉంటదా బ్రో? బ్రేకు పట్టేస్తుందేమో చూడు. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పు.

కొరిటెపాడు_కుర్రాడు · జూలై 12, ఉదయం 7:20

తిప్పా, ఫ్రీగానే ఉంది. గాలి కూడా 32. అయినా బ్రేకు పట్టేస్తే పొద్దున కూడా పట్టాలి కదా.

లెక్కల_మాస్టారు · జూలై 12, ఉదయం 7:48

బెజవాడ నుంచి చూస్తే గుంటూరు ఏ దిక్కున ఉంది?

కొరిటెపాడు_కుర్రాడు · జూలై 12, ఉదయం 7:55

దక్షిణం... కాదు, పడమర కూడా కలుస్తుంది. నైరుతి.

లెక్కల_మాస్టారు · జూలై 12, ఉదయం 7:57

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకి వచ్చే రుతుపవనాల పేరేమిటి?

పకోడీ_బ్రేక్ · జూలై 12, ఉదయం 8:01

ఓరి నాయనో.

లెక్కల_మాస్టారు · జూలై 12, ఉదయం 8:20

మీరు 65లో పోతుంటే ఎదురుగాలి 15 ఉంటే, బండి లెక్కలో మీరు 80లో పోతున్నట్టే. పొద్దున అదే గాలి వీపు తడుతోంది కాబట్టి 31. ఇవ్వడం తక్కువ, తీసుకోవడం ఎక్కువ, అందుకే రెండూ కలిపితే 69 కాస్తా 71 అయింది. నిన్న మీరు 80 పట్టారు, ఎదురుగాలితో కలిపి అది 95. పెదకాకాని దాకా వచ్చిందంటే మంచి బండే కొన్నారు.

వాన గాలి ఉన్న రోజు తిరుగు ప్రయాణంలో 55 పట్టండి.

మంగళగిరి_టీచర్ · జూలై 12, సాయంత్రం 4:40

మాస్టారూ, ఇది మా ఏడో క్లాసు పిల్లలకి రేపు చెప్తానండి.

కొరిటెపాడు_కుర్రాడు · జూలై 14, రాత్రి 9:10

రెండు రోజులు 55లో వచ్చా. సాయంత్రం 40 కాస్తా 33కి దిగింది. ఆరు నిమిషాలు ఆలస్యం.

ఆఫీసు వాచ్‌మన్‌తో మాట్లాడా. తన గది ప్లగ్గు 5 ఆంపులది, ఎర్త్ కూడా లేదు. మేనేజర్‌ని అడిగితే పార్కింగ్‌లో ఒక 15 ఆంపుల పాయింటు వేయిస్తానన్నాడు, వైరు ఖర్చు నేను పెట్టుకోవాలట. సరేనన్నా.

అది సరే, నవంబర్ తర్వాత గాలి ఈశాన్యం నుంచి కదా. అప్పుడు పొద్దున పూట ఎదురొస్తుందన్నమాట. చలిలో, ఆఫీసుకి లేటవుతున్నప్పుడు. పకోడీ అన్నా, డిసెంబర్లో అంకెలు పెడతా.

పకోడీ_బ్రేక్ · జూలై 14, రాత్రి 9:26

పెట్టు. మా బావమరిది బండి నాకు అమ్ముతానంటున్నాడు. తయారీ 2023 ఆగస్టు, 19 వేలు తిరిగింది. బాబాయ్, ఆదివారం ఆటోనగర్ తీసుకొస్తే ఒకసారి చూస్తావా?

ఆటోనగర్_బాబాయ్ · జూలై 14, రాత్రి 9:50

ఎట్టా తోలాడో చెప్పావుగా, బ్రేకు షూలూ టైర్లూ చూస్తే నాకే తెలుస్తది. వంద నింపి తీసుకురా. మీ బావమరిదిని తోలనియ్యకు.